హొనొలులూలో చుట్టంచూపు

"మీరు హొనొలులూ వెళ్ళి వచ్చారని విన్నాం. అక్కడ ఏమేం చూశారో, ఏమేం కొన్నారో మాకెప్పుడు చెబుతారు?" అని కాకినాడ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు.

చూసినవి చాలా వున్నాయి. కొన్నవి మాత్రం రెండే: మనవరాలికి ఒక గవ్వల దండ, నాకొక గొడుగు. ఆ గొడుగు కాస్తా విమానంలో మరిచిపోయాను. అంచేత కొన్నవాటిని గురించి చెప్పేందుకు ఏమీ లేదు. నేర్చుకున్నది మాత్రం ఒకటి వుంది. అరవైమూడేళ్ళ వయసులో, అంత దూరం పోయి, మా అమ్మాయి చేత కంటతడి పెట్టించి మరీ నేర్చుకున్నాను. అది చెబుతాను.

మా అమ్మాయీ, అల్లుడూ కాలిఫోర్నియాలో వుంటారు. మేమిద్దరం వాళ్ళ దగ్గరకు వెళ్ళడం అది మూడోసారి. వెళ్ళినప్పుడల్లా నేను చేసే పని ఒకటే. రాజమండ్రిలో చేసే వంట అక్కడ చేస్తాను. అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లు అద్దంలా వుంచుతాను. వచ్చే ముందు రోజు ఆర్నెల్లకు సరిపడా కందిపొడీ, కారప్పొడీ కొట్టి సీసాలకు ఎత్తి వస్తాను. ఈసారి మేము దిగిన వారానికే అమ్మాయి, "అమ్మా, వచ్చే నెల హొనొలులూ వెళుతున్నాం. ఆరు రోజులు. టిక్కెట్లు కొనేశాను. నువ్వు వంటింటి గడప తొక్కడానికి వీల్లేదు" అంది.

"మనకెందుకే సముద్రాలు! విశాఖపట్నంలో లేదా సముద్రం?" అన్నాను.

"విశాఖపట్నం తీసుకెళితే మాత్రం కూర్చున్నావా? పిన్ని ఇంట్లో పెసరట్లు పోశావు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

బయల్దేరే ముందు నేను ఒక సంచీ సర్దాను. అందులో చిన్న రైస్ కుక్కరూ, కరెంటు పొయ్యీ, మూకుడూ, కందిపొడీ, మాగాయా, గుప్పెడు కరివేపాకు రెబ్బలూ పెట్టాను. అమ్మాయి కరివేపాకు తీసి పక్కన పెట్టింది. ఆ దీవులకు వెళ్ళేవాళ్ళు ఆకూ, పండూ, విత్తనం ఏది తెచ్చినా ముందుగా చెప్పాలట, అధికారులకు చూపించాలట. "నాలుగు కరివేపాకు రెబ్బలకు ఇంత భాగోతమా!" అని విసుక్కున్నాను. ఎందుకంత భాగోతమో అక్కడికి వెళ్ళాక తెలిసింది.

హవాయి దీవులు పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యన వున్నాయి. కాలిఫోర్నియా తీరం నుంచి విమానంలో అయిదారు గంటలు. కిటికీలోంచి చూస్తే ఎంతసేపటికీ నీళ్ళే. హొనొలులూ ఉన్నది ఓహూ అనే దీవిలో. మన ఒడిశాలోని బాలాసోరుకు ఇంచుమించు సూటిగా ఉండే అక్షాంశం. అంచేత కొబ్బరిచెట్లూ, అరటిచెట్లూ, మామిడిచెట్లూ, మందారాలూ అన్నీ మనవే. కాని మన ఉక్క లేదు. ఈశాన్యం నుంచి గాలి వీస్తూనే వుంటుంది. ఎవరో పక్కన కూర్చుని విసనకర్ర విసురుతున్నట్టుంటుంది.

విహారానికి వచ్చేవాళ్ళంతా దిగే పేట పేరు వైకీకీ. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఆకాశాన్నంటే హోటళ్ళు, తూర్పున డైమండ్ హెడ్ అనే కొండ. అది ఎప్పుడో చల్లారిపోయిన అగ్నిపర్వతం. ఎత్తు 760 అడుగులు. వెనకటికి ఇంగ్లీషు నావికులు ఆ కొండ మీద మెరిసే రాళ్ళు చూసి వజ్రాలనుకున్నారట. తీరా అవి వట్టి సున్నపురాతి స్ఫటికాలు. పేరు మాత్రం నిలిచిపోయింది. ఆ ఊరివాళ్ళు దాన్ని లేయాహి అంటారు.

అన్నట్టు, ఆ భాష కూడా మన భాషలాగే అజంతం. ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. అలోహా, మహాలో, వైకీకీ, హొనొలులూ. మావారు మొదటి రోజునే, "పలకడానికి మనవాళ్ళకు ఒక్క రోజు చాలు" అన్నారు. అలోహా అంటే నమస్కారం, ప్రేమ, దయ, వెళ్ళొస్తాను అన్నీను. మహాలో అంటే ధన్యవాదాలు.

ఇక నా సంగతి. హోటల్లో దిగిన మర్నాడు ఉదయం ఐదింటికే మెలకువ వచ్చింది. పక్కలు సర్ది, దుప్పట్లు మడతపెట్టి, స్నానాల గది తుడిచి, తువ్వాళ్ళు ఆరేసి, చెత్తబుట్ట గుమ్మం బయట పెట్టాను. "గది ఊడ్చేందుకు మనిషి వస్తుందే అమ్మా!" అని అమ్మాయి మొత్తుకుంది. "వచ్చేసరికి ఇల్లు ఇలా వుంటే ఏమనుకుంటుంది?" అన్నాను.

తరవాత కాఫీకి వెళ్ళాం. కాఫీ ఏడు డాలర్లు. నేను మనసులోనే హెచ్చవేసి, "అంటే ఆరువందల రూపాయల దాకా!" అని పైకే అన్నాను. ఆ ఆరువందల కాఫీ అమ్మాయి గొంతు దిగలేదు. మధ్యాహ్నం పళ్ళరసానికి ఎంతైందో అడిగాను. సాయంత్రం సముద్రం ఒడ్డున వేసిన గొడుగూ, కుర్చీలకు అద్దె ఎంతో అడిగాను. చెప్పగానే ఆ కుర్చీలోంచి లేచి ఇసకలో చతికిలబడ్డాను, ఏదో నేను లేస్తే ఆ డబ్బు వెనక్కి ఇస్తారన్నట్టు. అల్లుడు నవ్వి వూరుకున్నాడు. అమ్మాయి నవ్వలేదు.

రెండోరోజు పొద్దున ఊరు చూడ్డానికి బయల్దేరాం. 1901లో కట్టిన మోఆనా అనే పాత హోటలు ఒకటి వుంది. దాని పెరట్లో సముద్రం వైపుకు ఒక మహావృక్షం. చూడగానే మావారు ఆగిపోయి, "మన మర్రి!" అన్నారు. మర్రే. ఊడలు దిగి, కొమ్మలు చాపి, పెరడంతా ఆక్రమించి వుంది. 1904లో నాటారట, మన దేశపు మర్రినే. 1935 నుంచి ఎన్నో ఏళ్ళపాటు దాని కిందనుంచే ఆ దీవుల పాటలు రేడియోలో ప్రసారం చేసేవారట. ఆ చెట్టు కింద రొట్టెముక్కల కోసం పోట్లాడుకుంటున్న పిట్టలు చూస్తే గోరింకలు. అవీ మనవే. పంటలు తినే పురుగుల్ని ఏరుకు తింటాయని 1865లో మన దేశం నుంచి పట్టుకొచ్చారట. "అందరూ మనకంటే ముందే వచ్చి స్థిరపడ్డారే!" అన్నారు మావారు.

ఆ సాయంత్రం అల్లుడు పూలదండలు తెచ్చాడు. అక్కడ వచ్చినవాళ్ళ మెడలో దండ వేయడం ఆచారం. దాన్ని లేయ్ అంటారు. ఇచ్చినప్పుడు వద్దనకూడదు, వేసినవాళ్ళ ఎదుట తీసేయకూడదు. నా మెడలో వేసిన దండ వాసన చూస్తే అచ్చు మా పెరట్లోని మల్లె. అక్కడ మల్లెను పికాకే అంటారు. ఆ మాటకు అసలర్థం నెమలి! కైయులానీ అని ఒక రాకుమారి వుండేది. ఆమెకు నెమళ్ళంటే ప్రాణం, మల్లెలంటే ప్రాణం. అంచేత జనం నెమలి పేరే మల్లెకూ పెట్టారు. పాపం, ఆమె 1899లో, ఇరవైమూడేళ్ళకే పోయింది.

ఇంత చక్కగా గడుస్తుండగా మూడోరోజు నేను చేసిన నిర్వాకం వినండి.

పొద్దున్నే అంతా సముద్రానికి వెళ్ళారు. నేను తలనొప్పి అని గదిలో వుండిపోయాను. తలనొప్పీ లేదు, ఏమీ లేదు. నలుగురం బయట భోంచేస్తే ఎంతవుతుందో ముందురోజు బిల్లు మీద చూశాను. అంచేత అన్నం వండి, చారు పెట్టి, అందరికీ ఒక పూట ఖర్చు తప్పిద్దామని నా ఉద్దేశం. కుక్కర్లో అన్నం అయింది. చారు మరిగింది. మూకుట్లో నూనె పోసి ఎండుమిరపకాయలు తుంచి వేశాను. కాస్త మాడాయి. అంతే! నెత్తిమీద కప్పుకున్న యంత్రం కీచుమని మొదలుపెట్టింది. పొగ వస్తే కూసే యంత్రమట అది. నేను తువ్వాలు పట్టుకుని మంచమెక్కి విసురుతున్నాను. అది ఆగదు. వరండాలో తలుపులు తెరుచుకున్నాయి. ఎవరెవరో బయటికి వచ్చారు. హోటలు మనిషి వచ్చి, చాలా మర్యాదగానే, గదుల్లో వంట కూడదని చెప్పి, పొయ్యి తీసి పక్కన పెట్టించాడు. సరిగ్గా అప్పుడే తడి బట్టలతో అమ్మాయీ, అల్లుడూ, మనవరాలూ, మావారూ వచ్చారు. మిరపఘాటుకు అందరూ ఒకటే దగ్గు.

నేను నవ్వించబోయాను. అమ్మాయి మంచం చివర కూర్చుని కళ్ళు తుడుచుకుంది. ఘాటుకు కాబోలు అనుకున్నాను. కాదు.

"నాలుగేళ్ళుగా దాచానమ్మా దీనికోసం. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, నువ్వు అందరికీ వడ్డించి, చివర వంటింట్లో నిలబడి తినేదానివి. ఒక్కసారి నువ్వు కూర్చుని వుండగా ఎవరో తెచ్చి నీ ముందు పెడితే చూడాలని నా కోరిక. నువ్వు ప్రతిదానికీ ధర అడుగుతావు. నేను పెట్టే ముద్ద నీకు ఎందుకు సహించదు?" అంది.

నా దగ్గర మాట లేదు. "నీ డబ్బు మిగల్చాలనే కదే" అన్నాను చివరికి.

"డబ్బు మిగిలితే నేనేం చేసుకోను?" అంది.

మావారు చారు గిన్నె తీసుకుని బాల్కనీలోకి వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం ఆ అన్నమే తిన్నాం. చారు బాగానే వుంది. ఎవరూ మాట్లాడలేదు.

నాలుగోరోజు ముందుగా అనుకున్న ప్రకారం ఇయోలానీ రాజభవనం చూడబోయాం. అది ఊరి నడిబొడ్డున వుంది. కలాకౌవా అనే రాజు 1882లో పూర్తి చేయించాడు. ఆయన 1881లో భూమండలమంతా చుట్టివచ్చాడు. ఆ యాత్రలో మన దేశానికీ వచ్చాడు. మరి నాలుగైదేళ్ళకే ఆ భవనంలో విద్యుద్దీపాలు పెట్టించాడు. అప్పటికి అమెరికా అధ్యక్షుడి శ్వేతసౌధంలో ఆ దీపాలు లేవు.

ఆయన తరవాత చెల్లెలు లిలియుఓకలానీ 1891లో రాణి అయింది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా ఆ దీవులకు బయటివాళ్ళు వస్తున్నారు. మతబోధకులు వచ్చారు, వర్తకులు వచ్చారు. వాళ్ళనూ, వాళ్ళ పిల్లలనూ ఆ రాజులు ఆదరించారు. భూములిచ్చారు, పదవులిచ్చారు. వాళ్ళు చెరకుతోటలు వేశారు, గొప్పవాళ్ళయ్యారు. చివరికి 1893 జనవరి 17న, అలా వచ్చి నిలదొక్కుకున్న తోటల యజమానులూ, వ్యాపారులూ కలిసి, అమెరికా నావికాదళం రేవులో దిగి అండగా నిలబడగా, రాణిని గద్దె దింపేశారు. 1895లో రాణిని ఆమె ఇంట్లోనే, మేడమీద గదిలో, కొన్ని నెలలు ఖైదు చేశారు. 1898లో అమెరికా ఆ దీవులను కలుపుకుంది. 1959లో రాష్ట్రమైంది. నూరేళ్ళు నిండాక, 1993లో, అమెరికా ప్రభుత్వం జరిగినదానికి క్షమాపణ చెబుతూ తీర్మానం చేసింది.

రాణిని వుంచిన ఆ గదిలో ఒక బొంత వుంది. ఖైదులో వుండగా రాణీ, ఆమె తోడుగా వున్న స్త్రీలూ కుట్టినది. పట్టు పేలికలూ, రిబ్బన్లూ అతికి, మధ్యన తన ఖైదు సంగతి దారంతో కుట్టింది. నేను ఆ అద్దాల పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాను. మా అమ్మమ్మ పాత చీరలతో కుట్టే బొంతే గుర్తొచ్చింది. చుట్టాలుగా వచ్చినవాళ్ళు ఇల్లు కాజేస్తే, ఇంటి ఇల్లాలు ఒక గదిలో కూర్చుని పేలికలు అతికింది.

భవనం నుంచి తిరిగి వస్తూ ఒక కాలవ పక్కన నడిచాం. అక్కడ అల్లుడు చెప్పాడు. "అత్తయ్యగారూ, ఇప్పుడు మనం దిగిన హోటళ్ళ చోటంతా ఒకప్పుడు చిత్తడి నేల. వైకీకీ అంటే ఉబికే నీళ్ళు అని అర్థం. కొండల మీంచి వాగులు వచ్చి ఇక్కడ పొలాలు పారేవి. చేమ, వరి పండేవి. చేపల చెరువులుండేవి. 1920ల్లో ఈ కాలవ తవ్వి నీళ్ళు మళ్ళించి, నేల మెరక చేసి హోటళ్ళు కట్టారు. ఆ ఇసక కూడా అంతా ఇక్కడిది కాదు. అలలు కోసుకుపోతుంటే బయటినుంచి తెచ్చి పోస్తూ వచ్చారు. 2012లో సముద్రం అడుగునుంచి తోడి పోశారు."

చేమ అనేసరికి నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మన చేమదుంపే! అక్కడ దాన్ని కలో అంటారు. ఉడికించి, చెక్కపీట మీద రాతి పొత్రంతో దంచి, నీళ్ళు కలిపి పోయ్ అని ఒక ముద్ద చేస్తారు. అదే వాళ్ళ అన్నం. ఒక కథ కూడా వుంది. ఆకాశదేవుడికి పుట్టిన మొదటి బిడ్డ ప్రాణం లేకుండా పుట్టిందట. పాతిపెట్టిన చోట చేమమొక్క మొలిచింది. తరవాత పుట్టిన బిడ్డ మనిషి. అంచేత చేమ అన్నగారు, మనిషి తమ్ముడు. అన్నగారు అన్నం పెడతాడు, తమ్ముడు ఆయన్ని చూసుకోవాలి. ఆ అన్నగారి పొలాల మీదే ఇప్పుడు హోటళ్ళున్నాయి.

కరివేపాకు సంగతి కూడా అప్పుడే తెలిసింది. చెరకుతోటల్లో ఎలకలు ఎక్కువైతే, 1883లో జమైకా నుంచి ముంగిసల్ని తెచ్చి వదిలారట. ఆ జమైకా ముంగిసలు అంతకు ముందు మన దేశం నుంచి వెళ్ళినవే. తీరా చూస్తే ఎలకలు తిరిగేది రాత్రి, ముంగిసలు తిరిగేది పగలు. రెంటికీ భేటీయే లేదు. ముంగిసలు హాయిగా ఆ దీవుల పక్షుల గుడ్లూ, తాబేళ్ళ గుడ్లూ తినడం మొదలుపెట్టాయి. ఇప్పటికీ తింటున్నాయి. మంచికని పిలిచిన చుట్టం ఇంటికి అరిష్టమైంది. అన్ని దెబ్బలు తిన్నవాళ్ళు నా సంచీలో ఆకు వుందా అని అడిగితే తప్పేముంది?

అయిదోరోజు పొద్దున నేను మళ్ళీ అలవాటు చొప్పున పక్కలు సర్దుతుండగా గది ఊడ్చే ఆవిడ వచ్చింది. నా ఈడు మనిషే. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిందట. ఆ దేశం నుంచి 1906లోనే చెరకుతోటల్లో పనికి రావడం మొదలుపెట్టారు. ఇప్పుడు హోటళ్ళలో పనిచేసేవాళ్ళలో చాలామంది వాళ్ళే. నాకొచ్చిన ఇంగ్లీషూ, ఆవిడకొచ్చిన ఇంగ్లీషూ సరితూగాయి. మాటలు బాగానే సాగాయి.

"నాలుగు రోజులుగా చూస్తున్నాను, ఈ గదిలో నాకేమీ మిగల్చడం లేదు మీరు" అంది నవ్వుతూ.

"మీకు శ్రమ తగ్గుతుందని" అన్నాను.

"దుప్పట్లు మీరు మడతపెట్టినా నేను విప్పి ఉతకడానికి వెయ్యాలి కదా! మీరు గదిలో వుంటే మీరు వెళ్ళేదాకా నేను ఆగాలి. ఇంకా చాలా గదులున్నాయి. మీరు హాయిగా సముద్రానికి వెళితే నాకదే సాయం" అంది.

నాకు నాలుక కరుచుకోవాలనిపించింది. ఆవిడకు రెండు ఉద్యోగాలట. ఇక్కడ పగలు, ఇంకోచోట రాత్రి. ఇళ్ళ అద్దెలు భరించలేక కొడుకు కాపురం లాస్ వేగాస్‌కు మార్చేశాడట. ఆవిడ కొడుకే కాదు, ఆ దీవుల సొంత మనుషులూ అలాగే వెళ్ళిపోతున్నారు. 2020 జనాభా లెక్కల్లో చూస్తే అసలు హవాయీ జాతివాళ్ళలో సగానికి పైగా ఆ దీవుల్లో లేరు, అమెరికాలో వేరే చోట్ల వున్నారు.

"మీరు ఈ సముద్రం ఒడ్డున కూర్చుని ఎన్నాళ్ళైంది?" అని అడిగాను.

ఆవిడ దిండుకు గలీబు తొడుగుతూ ఆలోచించింది. "మనవడి పుట్టినరోజుకు వచ్చాం. వాడికి ఇప్పుడు ఆరేళ్ళు. అప్పుడు రెండో ఏడు" అంది. ఆ మాట అనేటప్పుడు ఆవిడ గొంతులో ఫిర్యాదేమీ లేదు.

నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. వచ్చేముందు బల్లమీద కొంత డబ్బు పెట్టి, ఆవిడకని చీటీ రాశాను. ఎంతో చెప్పను. దాన్ని మాత్రం రూపాయల్లోకి మార్చలేదు.

ఆ రోజు సాయంత్రం అమ్మాయి అద్దెకు తీసుకున్న కుర్చీలో కూర్చున్నాను. ధర అడగలేదు. అమ్మాయి అనాసముక్కలు తెచ్చి నా చేతిలో పెట్టింది. తిన్నాను. ఇంకో గిన్నె తెచ్చింది. అదీ తిన్నాను. అమ్మాయి పక్కన ఇసకలో కూర్చుని నా మొహంకేసి చూస్తూ వుంది, చంటిపిల్ల అన్నం తింటుంటే తల్లి చూసినట్టు.

ఆదివారం కావడంతో ఊరివాళ్ళు కూడా పిల్లాపాపలతో వచ్చారు. హవాయిలో సముద్రపుటొడ్డు అందరిదీ. అల పాకే మేర ఏ హోటలూ కంచె వేసుకోవడానికి వీల్లేదు, అది అక్కడి చట్టం. కోట్లు పోసి కట్టిన హోటలు ముందే ఒక కుటుంబం చాప పరుచుకుని కేకు కోసుకుంటూ వుంది. ఎందుకో అది చూస్తే నా మనసు కుదుటపడింది.

ఒడ్డునే డ్యూక్ కహానమోకూ అనే ఆయన కంచు విగ్రహం వుంది. 1912లోనూ, 1920లోనూ ఒలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకాలు తెచ్చాడు. పలక మీద నిలబడి అలల మీద జారే ఆటను లోకమంతటికీ చూపించినవాడాయన. విగ్రహం చేతుల నిండా జనం వేసిన పూలదండలే. 1990లో దాన్ని పెట్టినప్పుడు కొందరు అభ్యంతరం చెప్పారట. విగ్రహం వీపు సముద్రం వైపుంది మరి. సముద్రానికి ఎన్నడూ వీపు చూపించకూడదన్నది అక్కడివాళ్ళ మొదటి పాఠం.

అల్లుడు ఈ మాట చెబుతుండగానే, నేను మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, ఒడ్డున వున్న మావారిని "రండి" అని పిలవడానికి వెనక్కి తిరిగాను. వెనకనుంచి ఒక అల వచ్చి నన్ను పడేసింది. చీరా, జడా, కళ్ళజోడూ అన్నీ ఉప్పునీళ్ళే. మనవరాలు "అమ్మమ్మ సర్ఫింగ్ చేసింది!" అని గంతులు వేసింది. పక్కనున్న ముసలాయనెవరో చెయ్యిచ్చి లేపి, సముద్రం వైపు వేలు చూపించి, చూస్తూ వుండమని సైగ చేశాడు. నేను నోట్లో ఇసకతోనే నవ్వడం మొదలుపెట్టాను. ఆగలేదు. అమ్మాయి కూడా నవ్వింది. మూడు రోజుల తరవాత మొదటిసారి.

ఇక ఆ సోదరికీ, పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లులకూ నేను చెప్పగలిగింది నాలుగు ముక్కలు. హోటలు గదిలో తాలింపు పెట్టకండి. సముద్రానికి వీపు చూపించకండి. ఒంటికి రాసుకునే ఎండ లేపనాల్లో కొన్ని మందులు పగడపుదిబ్బలకు చేటని, డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని అక్కడ 2021 నుంచి చట్టం వుంది. ఆ మందులు లేనివే కొనుక్కోండి. గది ఊడ్చే మనిషికి పని తగ్గించాలంటే పొద్దున్నే బయటికి వెళ్ళిపోండి, వచ్చేటప్పుడు మాత్రం ఆమెను మరవకండి. మెడలో దండ వేస్తే వేయించుకోండి. పిల్లలు పెడితే ధర అడక్కుండా తినండి.

ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఎలా చూడాలో మన అమ్మలు మనకు నూరిపోశారు. చుట్టంగా వెళితే ఎలా వుండాలో ఎవరూ చెప్పలేదు. ఆ ఇల్లు ఎవరిదో తెలుసుకోవడం, పెట్టింది తినడం, ఉన్నన్నాళ్ళు వుండి, ఏదీ పాడుచేయకుండా లేచి రావడం. ఇంతే కావచ్చు. చెప్పినంత సులువు కాదు సుమండీ.

రాజమండ్రి వచ్చిన నాలుగోరోజున మా వదినగారు వచ్చారు. కాళ్ళు కడుక్కోకుండానే వంటింట్లోకి వచ్చి, "అలా వుండు, నేను కూరలు తరుగుతాను. నువ్వు అలిసిపోయి వుంటావు" అని కత్తిపీట లాక్కున్నారు. ఆవిడ ఎప్పుడూ అంతే. ఆవిడ ఇంటికి వెళితే నేనూ అంతే. ఆ కత్తిపీట ఆవిడ చేతిలోంచి తీసుకుని, కుర్చీ వేసి, "కూర్చోండి వదినా. కాఫీ తెస్తాను" అన్నాను.

"ఎందుకమ్మా నీకు శ్రమ!" అన్నారు.

"నాకు శ్రమ కాదు. మీకే కాస్త కష్టం. అలవాటవుతుంది" అన్నాను.

వదినగారు నా వంక వింతగా చూసి కూర్చున్నారు. అయితే ఎంతసేపో కాదు. నేను పాలు కాచేలోపల లేచి వచ్చి గ్లాసులు కడగడం మొదలుపెట్టారు. సరే, మొదటి రోజు కదా!